నల్ల గోరు మీద రంగుల తునకలు

సీసా ఒకటే. నల్ల పాలిష్ వేసిన గోటి మీద అందులోంచి ఒక్క కోటు వేస్తే రాగి కలిసిన ఎరుపు భగ్గుమంటుంది. వేలు బాగా వంచితే అదే చోట ఆకుపచ్చ తేలుతుంది. పక్క వేలికి తెల్ల పాలిష్ వేసి, దాని మీద ఇదే కోటు వేస్తే తడి మెరుపు తప్ప చెప్పుకోదగ్గ రంగేమీ కనిపించదు. డబ్బు దండగైందని సీసాను మూలన పడేసేవాళ్లు ఇక్కడే తయారవుతారు. లోపల ఉన్నది పారదర్శకమైన చిక్కటి ద్రవం, అందులో పలుచని తునకలు. గోళ్ల రంగుల మీద మోజున్నవాళ్లు వీటిని ‘ఫ్లేకీలు’ అంటారు. మామూలు గ్లిటర్‌ను గుండ్రంగానో ఆరు పలకలుగానో కత్తిరిస్తారు. ఇవి అలా ఉండవు, ఒక్కోటి ఒక్కో ఆకారంలో చిరిగిన రేకులా ఉంటుంది.

వీటిని ఇంట్లో ఒకదాని మీద ఒకటి వేసి, కింద రంగు మార్చి, పైన టాప్ కోట్ మార్చి చూడడం చాలామందికి మంచి కాలక్షేపం. ఆ కాలక్షేపంలో అసలుసిసలు కాంతిశాస్త్రం ఉంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఫ్లేకీని రంగు అనుకోవడం మానేసి చిన్న అద్దం అనుకుంటే, దేని మీద ఏది వేయాలో ఎవర్నీ అడగనక్కర్లేదు. మామూలు నెయిల్ పాలిష్‌లోని రంగు పొడి కాంతిలో కొంత మింగేసి మిగతాది తిప్పి పంపుతుంది. ఎర్ర పాలిష్ ఎర్రగా ఉండేది నీలాన్నీ ఆకుపచ్చనూ మింగడం వల్లే. పారదర్శకమైన ఫ్లేకీ దాదాపు ఏమీ మింగదు. మీద పడ్డ కాంతిని రెండు వాటాలు చేసి ఒకటి వెనక్కి పంపుతుంది, రెండోది కిందికి వదిలేస్తుంది. ఆ కిందికి పోయిన వాటా ఏమైందన్న దాన్ని బట్టే మన కంటికి రంగు ఆనడమా, ఆనకపోవడమా అన్నది తేలుతుంది.

ఈ విడదీత కొత్తగా కనుక్కున్నదేం కాదు. శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో అచ్చు వేసిన ‘మైక్రోగ్రాఫియా’లో అభ్రకం పలకలను చీల్చుతూ పోతే ఒక మందం దగ్గర ఇంద్రధనుస్సు రంగులు వస్తాయని రాశాడు. పొర మందానికీ రంగుకూ లంకె ఉందని పసిగట్టాడు. న్యూటన్ ఆ మందాలను కొలిచాడు. అయితే కాంతి కణాల ప్రవాహమన్న తన నమ్మకంతో ఆ కొలతలకు సరైన కారణం చెప్పలేకపోయాడు. 1801లో థామస్ యంగ్ కాంతిని తరంగంగా తీసుకుని, న్యూటన్ కొలతలతోనే ఒక్కో రంగు తరంగదైర్ఘ్యాన్ని లెక్కగట్టాడు. హుక్ చేతిలోని ఆ అభ్రకమే మన నెల్లూరు, గూడూరు గనుల్లోంచి దశాబ్దాలపాటు విదేశాలకు ఎగుమతైంది. ఇవాళ్టికీ సౌందర్య సాధనాల్లోని మెరుపు పొడుల్లో ఎక్కువ భాగానికి అభ్రకమే ఆధారం.

యంగ్ చెప్పింది ఇదీ. పలుచని పొర మీద కాంతి పడితే పై అంచు నుంచి కొంత, కింది అంచు నుంచి కొంత తిరిగి వస్తుంది. రెండో దానికి దూరం ఎక్కువ. ఆ అదనపు దూరం ఒక తరంగదైర్ఘ్యానికి కుదిరితే రెండు అలలూ శిఖరం మీద శిఖరంగా కలిసి బలపడతాయి. మరో తరంగదైర్ఘ్యానికి శిఖరం మీద పల్లం పడి రెండూ చెల్లిపోతాయి. దీన్నే వ్యతికరణం అంటారు. మన కంటికి కనిపించే కాంతి సుమారు 400 నానోమీటర్ల ఊదా నుంచి 700 నానోమీటర్ల ఎరుపు దాకా ఉంటుంది కాబట్టి, పొర కూడా ఆ కొలతలకు తగ్గట్టు నానోమీటర్లలో ఉండాలి. తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. సబ్బు బుడగ మీద, వాన వెలిశాక రోడ్డు మీద పడ్డ పెట్రోలు చుక్క మీద రంగులు తిరిగేది ఇందుకే.

గోటి మీదికి ఈ మెరుపు మొదట చేపల పొలుసుల నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో పారిస్‌లో జాకాన్ అనే జపమాలల తయారీదారు చేప పొలుసుల నుంచి తీసిన మెరుపు గుజ్జును బోలు గాజుపూసల లోపల పూసి నకిలీ ముత్యాలు చేశాడు. ఆ గుజ్జులో మెరిసేవి గ్వానిన్ స్ఫటికాలు. తొలినాటి ముత్యపు మెరుపు నెయిల్ పాలిష్‌లలోనూ ఇదే పదార్థం ఉండేది. 1960లలో అభ్రకం రేకు మీద టైటానియం డయాక్సైడ్ పూత పూసే పద్ధతి వచ్చాక చేపల అవసరం చాలా తగ్గింది. ఆ పూత సుమారు 50 నానోమీటర్లయితే వెండి తెలుపు, 70 దగ్గర బంగారు, 90 దగ్గర ఎరుపు, 120 దగ్గర నీలం, 150 దగ్గర ఆకుపచ్చ. పదార్థం ఒక్కటే, మందం మారితే చాలు, రంగు మారిపోతుంది.

ఫ్లేకీ సీసాల్లో ఎక్కువగా ఉండేది మాత్రం వేరే సరుకు. అది ప్లాస్టిక్. రెండు రకాల పారదర్శక ప్లాస్టిక్‌లను కరిగించి, ఒకదాని మీద ఒకటిగా వందకు పైగా పొరలు వచ్చేలా ఒకే ఫిల్ముగా సాగదీస్తారు. పూతరేకుల చుట్టలో పొర మీద పొర ఉన్నట్టే ఉంటుంది, కాకపోతే ఒక్కో పొర సుమారు 100 నానోమీటర్లే. ఇలాంటి ఫిల్ములు ఎందుకు మెరుస్తాయో అమెరికాలోని డౌ కెమికల్ సంస్థలో పనిచేసిన టర్నర్ ఆల్ఫ్రీ బృందం 1969లో వివరంగా ప్రచురించింది. రెండు ప్లాస్టిక్‌ల వక్రీభవన గుణకాల్లో, అంటే కాంతిని ఎంత వంచుతాయో చెప్పే అంకెల్లో, తేడా చాలా తక్కువ. దాంతో ఒక్కో సరిహద్దు దగ్గర వెనక్కి వచ్చే కాంతి దాదాపు వెయ్యో వంతే. అంత కొంచెమే అయినా వంద సరిహద్దుల నుంచి వచ్చిన అలలు ఒకే అడుగులో కలిస్తే ఎంపిక చేసిన ఒక్క రంగు పెద్దపెట్టున ఎగసిపడుతుంది, మిగతా రంగులన్నీ ఏమీ ఎరగనట్టు దాటిపోతాయి. ఫ్లేకీ రంగు అంత నిక్కచ్చిగా ఉండడానికి కారణం ఇదే.

మూడో రకం ఖరీదైనది. మల్టీక్రోమ్ అని అమ్మే పాలిష్‌లలో కొన్నింట ఇది ఉంటుంది. మధ్యలో అల్యూమినియం రేకు, దానికి రెండు వైపులా మెగ్నీషియం ఫ్లోరైడ్, వాటి మీద కొద్ది నానోమీటర్ల క్రోమియం. శూన్యపు గదిలో ఒక్కో పొరా ఆవిరిగా పేర్చి, ఊడదీసి, పొడి చేస్తారు. ఈ పద్ధతికి పెద్ద పీట వేసింది అలంకరణ కాదు, కరెన్సీ. నకిలీ నోట్లను అడ్డుకోవడానికి రంగు మారే సిరా కావలసి వచ్చింది. మన దేశంలో 2000 నవంబరు నుంచి 500, 1000 రూపాయల నోట్ల మీద అంకెలను రంగు మారే సిరాతో అచ్చు వేశారు. ఆ నోట్లు ఇప్పుడు చెల్లవు కాబట్టి జేబులోని 500 నోటు తీసి మధ్యలోని భద్రతా దారాన్ని చూడండి. తిన్నగా చూస్తే ఆకుపచ్చ, వాల్చితే నీలం.

ఆకుపచ్చ నుంచి నీలానికే ఎందుకు, ఎరుపుకు ఎందుకు కాదు? పొరను ఏటవాలుగా చూస్తే రెండు అంచుల అలల మధ్య దూరపు తేడా తగ్గుతుంది. ఎక్కువ నడిచినట్టు కనిపించినా లెక్క వేస్తే తేలేది తగ్గుదలే. తేడా తగ్గితే బలపడే తరంగదైర్ఘ్యమూ తగ్గుతుంది. అంటే వాల్చినకొద్దీ రంగు ఎరుపు వైపు నుంచి నీలం వైపే జరుగుతుంది, ఎన్నడూ ఎదురు నడవదు. ఎంత జరుగుతుందన్నది ఆ పొర వక్రీభవన గుణకం మీద ఉంటుంది. తిన్నగా చూసినప్పుడు 650 నానోమీటర్ల ఎరుపు ఇచ్చే ప్లాస్టిక్ ఫ్లేకీని 45 డిగ్రీలు వాల్చితే సుమారు 580 దగ్గర పసుపు, 60 డిగ్రీలకు 540 దగ్గర ఆకుపచ్చ వస్తుంది. ఇంకా వాల్చినా నీలం రాదు, ఎందుకంటే బయట ఎంత వాలుగా పడ్డా కాంతి పొర లోపలికి వెళ్లగానే నిలువుకు దగ్గరగా విరుగుతుంది. మెగ్నీషియం ఫ్లోరైడ్ గుణకం 1.38 మాత్రమే, అందుకని అదే 60 డిగ్రీలకు 650 కాస్తా 505 దగ్గరికి దిగుతుంది. టైటానియం డయాక్సైడ్ గుణకం 2.5. దాంతో 610 దాకా మాత్రమే వస్తుంది, ఎరుపు నారింజ అవుతుందంతే. ముత్యపు మెరుపు పాలిష్ రంగు మారదు, ఫ్లేకీ మారుతుంది, మల్టీక్రోమ్ ఇంకా ఎక్కువ మారుతుంది అని వాడేవాళ్లు అనుభవం మీద చెప్పే మాటకు వెనకున్న అంకెలివి. గోరు వంపు తిరిగి ఉండడం మరో అదృష్టం. నడుమ తిన్నగా, పక్కల వాలుగా ఉంటుంది కనక ఒకే గోటి మీద రెండు మూడు రంగులు ఒకేసారి కనిపిస్తాయి.

ఇక ప్రయోగానికి వద్దాం. గోటి మీద కంటే ముందు గాజు మీద చేయమని నా సలహా. సూక్ష్మదర్శిని స్లైడు గానీ, పాత ఫొటో ఫ్రేము నుంచి తీసిన గాజు ముక్క గానీ చాలు. ప్లాస్టిక్ వద్దు. నెయిల్ పాలిష్‌లోని ద్రావకాలు కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించేస్తాయి. గాజును శుభ్రంగా తుడిచి, అడుగున ఏ రంగు బేసూ లేకుండా నేరుగా ఫ్లేకీ ఒక కోటు వేసి ఆరనివ్వండి. ఆ గాజును నల్ల కాగితం మీద పెట్టండి, రంగు లేచి నిలబడుతుంది. తెల్ల కాగితం మీదికి జరపండి, పడుకుంటుంది. తునకలు అవే, అవి పడ్డ తీరు అదే. మారింది కింద ఉన్న కాగితం ఒక్కటే.

ఇప్పుడు గాజును కిటికీ వైపు ఎత్తి పట్టుకుని వెలుతురుకు అడ్డంగా చూడండి. ఎరుపు అనుకున్న తునకలు లేత నీలి ఆకుపచ్చగా కనిపిస్తాయి. తెల్ల కాంతిలోంచి ఎరుపు వెనక్కి పోగా మిగిలిన వాటా అది. తెల్ల కాగితం మీద జరిగిన మోసం ఇప్పుడు తేటపడుతుంది. కిందికి దిగిన నీలి ఆకుపచ్చను తెల్లదనం నిజాయితీగా మొత్తం తిప్పి పంపుతుంది, అది పైనున్న ఎరుపుతో కలిసి తిరిగి తెలుపైపోతుంది. నల్ల కాగితం దాన్ని మింగేస్తుంది. ఎరుపు ఒంటరిగా మిగులుతుంది. కిటికీ పరీక్షలో తునకలు రంగులేమీ లేకుండా చీకటి మచ్చల్లా కనిపిస్తే, మీ సీసాలో ఉన్నది మధ్యలో అల్యూమినియం ఉన్న మూడో రకం. దాని నడుమ రేకే తెరలా అడ్డు నిలుస్తుంది కాబట్టి కింద ఏ రంగున్నా పెద్ద తేడా రాదు.

ఓపికున్నవాళ్లు మరో మెట్టు ఎక్కవచ్చు. కాగితానికీ గాజుకూ మధ్య సన్నని గాలి పొర ఉంటుంది. గాజు అడుగు నుంచి సుమారు 4 శాతం తెల్ల కాంతి అలాగే వెనక్కి వచ్చి రంగును కొంచెం పలచన చేస్తుంది. గాజు వెనక వైపున నల్ల పాలిష్ పూసి ఆరాక మళ్లీ చూడండి. నలుపు ఇంకా లోతుగా, ఎరుపు ఇంకా ఘాటుగా ఉంటుంది.

ఈ ఉపాయం నెమలికి మనకన్నా ముందే తెలుసు. నెమలి ఈకలో నీలం రంగు పదార్థం లేదు, ఆకుపచ్చదీ లేదు. అక్కడున్నది మెలనిన్, మన జుట్టును నల్లగా ఉంచే పదార్థం. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2003లో ఈక నూగును చీల్చి చూసి, సన్నని మెలనిన్ కడ్డీలు జాలీలా బారులు తీరి ఉన్నాయని చూపించారు. కడ్డీల మధ్య దూరం 140 నానోమీటర్ల దగ్గరుంటే నీలం, 150 దగ్గరుంటే ఆకుపచ్చ. జాలీని కట్టేదీ మెలనినే, అక్కర్లేని కాంతిని మింగేదీ మెలనినే. జన్యుపరంగా మెలనిన్ కొరవడిన తెల్ల నెమలి పింఛంలో కన్నులు ఉన్నా రంగు ఉండదు. సి.వి.రామన్ కూడా 1930లలో పక్షి ఈకల మీద, ముత్యపు చిప్పల లోపలి మెరుపు మీద వరసగా పరిశోధన పత్రాలు రాశారు. నోబెల్ తర్వాత ఆయన చేసిన పనిలో ఈ మెరుపుల పరిశోధన పాలు చాలానే ఉంది. మన పాఠ్యపుస్తకాలు మాత్రం ఆయన్ని సముద్రం నీలం దగ్గరే ఆపేస్తాయి.

నలుపు ఒక్కటే దారా? కాదు. అసలు సరదా రంగు బేసులతోనే మొదలవుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. డబ్బాల్లోని రంగులు కలిపితే ఒకదాని కాంతిని ఇంకోటి మింగి ముదురు బురద అవుతుంది. ఫ్లేకీ నుంచి వచ్చే కాంతి, బేసు నుంచి వచ్చే కాంతి మాత్రం ఒకదానికొకటి జమ అవుతాయి. ముదురు నీలం బేసు మీద ఎరుపు-ఆకుపచ్చ ఫ్లేకీ వేస్తే, తిన్నగా చూసినప్పుడు ఎరుపూ నీలమూ కలిసి మెజెంటా, వాల్చితే ఆకుపచ్చా నీలమూ కలిసి నెమలికంఠం రంగు. నా దృష్టిలో ఇంతకు మించిన జోడీ లేదు. ఎర్ర బేసు మీద అదే ఫ్లేకీ వేస్తే తిన్నగా చూసినప్పుడు తునకలు ఉన్నట్టే తెలియవు. చేయి తిప్పగానే ఎక్కడి నుంచో ఆకుపచ్చ మెరుస్తుంది. ఆకుపచ్చ బేసు మీద దీనికి తిరగబడి, తిన్నగా రాగి పసుపు, వాలుగా మాయం.

తెల్ల బేసును మరీ చిన్నచూపు చూడనక్కర్లేదు. అద్దంలా తిరిగొచ్చే కాంతి ఒక దిక్కుకే పోతుంది. తెలుపు చిమ్మే కాంతి అన్ని దిక్కులకూ పోతుంది. అందుకని ఒక కోణంలో లేత గులాబి, పక్కకు జరిగితే లేత ఆకుపచ్చ తొంగిచూస్తాయి. తక్కువ మెరుపు కోరుకునేవాళ్లకు ఇదే నచ్చవచ్చు. ఆషాఢంలో గోరింటాకు పండిన గోటి మీద నేరుగా వేస్తే ఎలా ఉంటుందని కొందరికి అనుమానం రావచ్చు. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం గోటిలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని నీలాన్ని మింగుతుంది, నారింజను వదులుతుంది. ఎర్ర ఫ్లేకీ అందులో కలిసిపోతుంది. నీలం, ఆకుపచ్చ ఫ్లేకీలైతే కొంత కనిపిస్తాయి.

రెండు రకాల ఫ్లేకీలను ఒకదాని మీద ఒకటి వేస్తే ఇంకా రంగులొస్తాయనుకోవడం సహజం. ఒక మేరకే నిజం. పై ఫ్లేకీ ఎరుపును వెనక్కి పంపితే, కిందికి చేరేది ఎరుపు లేని కాంతి. అక్కడ ఆకుపచ్చ ఫ్లేకీ ఉంటే దానికి కావలసింది దొరుకుతుంది, చక్కగా మెరుస్తుంది. మళ్లీ ఎరుపుదే ఉంటే దానికి మిగిలేది తక్కువ. ఇక ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ దట్టంగా పరిస్తే మూడు కాంతులూ జమ అయి తెల్లని వెండి మెరుపులో పడిపోతారు. అంత ఖర్చు పెట్టి మామూలు వెండి పాలిష్ దగ్గరికి చేరుకోవడమన్నమాట.

ఎన్ని కోట్లు వేయాలన్న దానికీ లెక్క ఉంది. ఒక కోటు గోటిలో 40 శాతాన్ని కప్పిందనుకుందాం. రెండో కోటు తునకలు ఎక్కడ పడతాయో మన చేతిలో లేదు కాబట్టి, అవి మిగిలిన 60 శాతంలోనూ 40 శాతాన్నే కప్పుతాయి. మొత్తం 64 శాతం. మూడో దానితో 78. కోటు కోటుకూ లాభం తరుగుతుంది, మందం మాత్రం అంతే పెరుగుతుంది, ఆరడం ఆలస్యమవుతుంది. పైగా తునకల సందుల్లో నలుపు కనిపిస్తుంటేనే మెరుపు ఎత్తి చూపినట్టుంటుంది. రెండు కోట్లు దాటడం నాకైతే అనవసరం.

పలుచగా వేయమనడానికి ఇంకో కారణం ఉంది. నెయిల్ పాలిష్‌లో దాదాపు మూడింట రెండొంతుల పైన ఇథైల్ అసిటేట్, బ్యుటైల్ అసిటేట్ లాంటి ద్రావకాలే. అవి ఆవిరైతే పూత అడ్డంగా కుదించుకోదు, గోటిని అంటుకుని ఉంటుంది కనక నిలువుగా కుంగుతుంది. ఆ కుంగుడుతో పాటు తునకలు కూడా పడుకుంటాయి. అద్దాలన్నీ ఒకే వైపు చూస్తేనే గోరంతా ఒక్కసారిగా వెలుగుతుంది. మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల తడి చిక్కుకుంటుంది, తునకలు ఎటు పడితే అటు నిలబడిపోతాయి. బ్రష్‌ను ముందుకూ వెనక్కూ రుద్దినా అంతే. దానికితోడు కొత్త కోటులోని ద్రావకం పాత కోటును మళ్లీ కొంచెం కరిగిస్తుంది. బేసు పూర్తిగా ఆరకముందే ఫ్లేకీ వేస్తే బ్రష్ వెంట నలుపు పైకి లేచి తునకల మీదికెక్కుతుంది, అప్పుడు అద్దానికి మసి పూసినట్టే. బ్రష్‌తో లాగకుండా అద్దినట్టు వేయడం, లేదా చిన్న స్పాంజి ముక్కతో తట్టడం మంచిది. స్పాంజి ద్రావకాన్ని పీల్చుకుంటుంది, తునకలు ఎక్కువగా గోటికి చేరతాయి.

వానాకాలంలో, అందులోనూ మచిలీపట్నం, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో మరో చిక్కు. ద్రావకం వేగంగా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లటి మబ్బు తెర కడుతుంది. నల్ల బేసు మీద ఆ తెర ఉంటే ఫ్లేకీ కింద నలుపు ఉన్నట్టు కాదు, బూడిద ఉన్నట్టు. ఫ్యాను కింద కూర్చుని ఆరబెట్టడం దీన్ని ఇంకా పెంచుతుంది. చిక్కబడ్డ సీసాలో రిమూవర్ చుక్కలు పోసేవాళ్లున్నారు. రిమూవర్‌లో చాలాసార్లు నీరూ నూనెలూ కలిసి ఉంటాయి, పూత పాడవుతుంది. థిన్నర్ అని విడిగా దొరికేదే వాడాలి. సీసాలోని ఉక్కు గుండ్లు, జిగురు కట్టే బంకమట్టి రెండూ తునకలు అడుగంటకుండా చూడడానికే. ఆ బంకమట్టి కదలకపోతే గట్టిపడుతుంది, కదిపితే పలచబడుతుంది. కాబట్టి వాడే ముందు సీసాను అరచేతుల మధ్య దొర్లించండి. గట్టిగా కుదిపితే గాలి బుడగలు చేరతాయి.

ఫ్లేకీ పైన ఏం వేస్తామన్నది చివరి మలుపు. పారదర్శకమైన రంగు పాలిష్‌ను జెల్లీ అంటారు. ఫ్లేకీ, జెల్లీ, మళ్లీ ఫ్లేకీ అని వరసగా వేస్తే కింది తునకలు మసకగా, పైవి స్పష్టంగా కనిపించి గోటికి లోతు వస్తుంది. అయితే జెల్లీ ఒక వడపోత. కాంతి దాన్ని లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి దాటాలి. ఎర్ర జెల్లీ కింద ఆకుపచ్చ మెరుపు బతకదు. ఫ్లేకీకి సరిపడే లేత రంగు జెల్లీనే ఎంచుకోవాలి. మ్యాట్ టాప్ కోట్ కథ వేరు. నిగనిగలాడే పూత పై ముఖం నుంచే 4 శాతం తెల్ల కాంతి అద్దంలా తిరిగొచ్చి, తునకల మీద తెల్లని మెరుపు మరకగా నిలుస్తుంది. మ్యాట్ పూత ఆ మరకను చెదరగొట్టి, లోపలికి పోయే కాంతిని రకరకాల కోణాల్లో పంచుతుంది. తీక్ష్ణత తగ్గుతుంది, తునకల అంచులు మెత్తబడతాయి, గోరు ఒపల్ రాయిలా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇది అదే సీసా అంటే నమ్మరు.

చూసే వెలుతురూ ముఖ్యమే. మబ్బు పట్టిన రోజున అన్ని దిక్కుల నుంచీ కాంతి పడుతుంది, ఒక్కో తునకా అన్ని కోణాల రంగులూ కలిపేసి నీరసంగా ఉంటుంది. ఎండలోనో, చీకటి గదిలో ఫోన్ టార్చి కిందనో ఒకే దిక్కు కాంతి ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీ దీపాల కాంతిలో 480 నానోమీటర్ల చుట్టుపక్కల పల్లం ఉంటుంది. అక్కడ మెరిసే నీలి ఆకుపచ్చ ఫ్లేకీ ఇంట్లో దీపం కింద డీలాపడి, బయట ఎండలో లేచొస్తుంది. కొట్లో దీపం కింద చూసి నచ్చలేదనుకున్న సీసాను గుమ్మం దాకా తెచ్చి మరోసారి చూడడం మంచిది.

తీసేటప్పుడే ఫ్లేకీ పగ తీర్చుకుంటుంది. అసిటోన్ పాలిష్‌లోని నైట్రోసెల్యులోజ్ పూతను కరిగిస్తుంది కానీ ప్లాస్టిక్ తునకను కరిగించదు. అది గోటిని గీరుకుంటూ కదులుతుంది. రుద్దకండి. రిమూవర్‌లో ముంచిన దూదిని గోటి మీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, ఒక్క లాగులో తీసేయండి. ఈ పనంతా కిటికీలు తెరిచి, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా చేయాలి. ఇథైల్ అసిటేట్ ఆవిరి సున్నాకు 4 డిగ్రీలు తక్కువ చలిలో కూడా నిప్పు అందుకోగలదు, అసిటోన్ ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. తుడిచిన దూదిని సింకులోనో, బాత్రూమ్ తూములోనో వేయకండి, అందులోని ప్రతి తునకా కుళ్లని ప్లాస్టిక్. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ గ్లిటర్ అమ్మకాన్ని ఆపేసింది. గోళ్ల రంగులకు 2035 అక్టోబరు దాకా గడువిచ్చి, 2031 అక్టోబరు నుంచి సూక్ష్మ ప్లాస్టిక్ ఉన్నట్టు సీసా మీద చెప్పి తీరాలంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పది సీసాలు కొనకండి. ఒక మంచి నల్ల పాలిష్, ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారే పారదర్శక ఫ్లేకీ ఒకటి, ఒక మ్యాట్ టాప్ కోట్ చాలు. ఆ పైన డబ్బు మిగిలితే ముదురు నీలం బేసు కొనుక్కోండి, రెండో ఫ్లేకీ కాదు.